ఎగుమతి సరుకులో జన్యుమార్పిడి జాడ: పరీక్ష ఎలా చేస్తారు, ఏం తేలుతుంది?

2021 జూన్‌లో ఫ్రాన్స్ అధికారులు ఐరోపా సమాఖ్యకు చెందిన ఆహార భద్రతా సత్వర హెచ్చరిక వ్యవస్థకు ఒక సమాచారం పంపారు. మిఠాయిల తయారీలో వాడే బియ్యప్పిండిలో అనుమతి లేని జన్యుమార్పిడి పదార్థపు ఆనవాళ్లు కనిపించాయన్నది దాని సారాంశం. ఆ పిండికి మూలం భారతదేశం నుంచి దిగుమతి అయిన సుమారు 500 టన్నుల నూకలని పేర్కొన్నారు. పిండి కలిసిన ఉత్పత్తులను పలు దేశాల్లో దుకాణాల నుంచి వెనక్కి రప్పించారు.

ఆ ఏడాది అక్టోబరులో ఈ వ్యవహారం మన దేశంలో చర్చకు వచ్చినప్పుడు కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆరోపణను తోసిపుచ్చింది. భారతదేశంలో జన్యుమార్పిడి వరిని వాణిజ్యపరంగా ఎక్కడా పండించడం లేదని స్పష్టం చేసింది. సరుకు అనేక చేతులు మారి ఐరోపాలో పిండిగా మారేటప్పుడు ఇతర పదార్థాలు కలిసి ఉండవచ్చునని తెలిపింది. దేశంలో గతంలో జరిగిన క్షేత్ర ప్రయోగాల నుంచే కల్తీ జరిగి ఉంటుందని కొందరు ఉద్యమకారులు వాదించారు.

ప్రపంచ బియ్యం వాణిజ్యంలో దాదాపు 40 శాతం వాటా గల దేశానికి ఇటువంటి ఒక్క నివేదిక కూడా చిన్న విషయం కాదు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. చట్టప్రకారం పండించని పంట జాడ ప్రయోగశాలలో కనిపించిందంటే ఆ పరీక్ష అసలు దేనిని చూస్తుంది? అది ఎంతవరకు నమ్మదగినది?

మన దేశంలో ఏది అనుమతం, ఏది కాదు?

ఒక జీవి నుంచి తీసిన జన్యువును ప్రయోగశాలలో మరొక జీవిలో ప్రవేశపెట్టి రూపొందించిన పంటను జన్యుమార్పిడి పంట అంటారు. భారతదేశంలో రైతులు సాగు చేసేందుకు అనుమతి పొందిన ఇటువంటి పంట పత్తి ఒక్కటే. నేలలో ఉండే ఒక బాక్టీరియా నుంచి తీసిన జన్యువుతో కాయతొలుచు పురుగును తట్టుకునే బీటీ పత్తికి 2002లో అనుమతి లభించింది. రెండు బీటీ జన్యువులు గల రకం 2006లో వచ్చింది. నేడు దేశంలో పత్తి సాగు విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీ పత్తే.

ఆహార పంటల కథ వేరు. బీటీ వంకాయకు 2009 అక్టోబరులో నియంత్రణ సంఘం ఆమోదం తెలిపినా, 2010 ఫిబ్రవరిలో నాటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దానిని నిరవధికంగా నిలిపివేశారు. డీఎంహెచ్-11 అనే జన్యుమార్పిడి ఆవాల విడుదలకు 2022 అక్టోబరులో సిఫారసు లభించింది. 2024 జూలై 23న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం దానిపై భిన్నమైన తీర్పులు వెలువరించింది.

అయితే అనుమతి లేకపోవడం వేరు, పొలంలో లేకపోవడం వేరు. 2019లో హర్యానాలోని ఫతేహాబాద్‌లో అనధికారిక బీటీ వంకాయ సాగు బయటపడింది. పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో రైతులు 2014 నుంచి బీటీ వంకాయను చట్టబద్ధంగానే పండిస్తున్నారు. తెలుగు రాష్ట్రాలతో పాటు మహారాష్ట్ర, గుజరాత్‌లలో కలుపు మందును తట్టుకునే అనుమతి లేని పత్తి విత్తనాలు చాలాకాలంగా చాటుమాటుగా అమ్ముడవుతున్నాయి. విత్తనం సరిహద్దులను చూసుకుని ప్రయాణించదు. కొనుగోలు చేసే దేశాలు హామీ పత్రంతో తృప్తి పడక పరీక్షా నివేదికను కూడా అడగడానికి ఇదే కారణం.

దేశానికొక కొలత

జన్యుమార్పిడి పదార్థం ఎంతవరకు ఉండవచ్చునన్న విషయంలో ప్రపంచమంతటికీ వర్తించే ఒకే నియమం లేదు. ఐరోపా సమాఖ్యలో అనుమతి పొందిన జన్యుమార్పిడి పదార్థం అనుకోకుండా, తప్పించలేని రీతిలో కలిసి, ఒక్కో దినుసులో 0.9 శాతం మించకపోతే లేబుల్ మీద ఆ మాట రాయనక్కరలేదు. అనుమతి పొందని రకమైతే ఆహారంలో దాని జాడ కూడా ఉండరాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఈ పరిమితి 1 శాతం, దక్షిణ కొరియాలో 3 శాతం, జపాన్‌లో 5 శాతం. జన్యుమార్పిడి లేదని లేబుల్ మీద ప్రకటించుకోవాలంటే మాత్రం, పరీక్షలో అసలేమీ కనిపించకూడదని జపాన్ 2023 ఏప్రిల్ నుంచి నిబంధనను కఠినం చేసింది.

భారతదేశం కూడా ఇతరుల నుంచి ఇటువంటి హామీనే కోరుతోంది. 24 రకాల ఆహార పంటలు దిగుమతి అయినప్పుడు, అవి జన్యుమార్పిడి మూలం గలవి కావని ఎగుమతి దేశపు అధికారిక ధ్రువపత్రం జతపరచాలని ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020 ఆగస్టులో ఉత్తర్వు జారీ చేసింది. 2021 మార్చి 1 నుంచి ఇది అమలులో ఉంది. పొరపాటున కలిసే పదార్థానికి 1 శాతం వరకు సడలింపు ఉంది.

ఈ తేడాల వల్ల ఒకే బియ్యం ఒక రేవులో నిరాటంకంగా దిగి, మరొక రేవులో నిలిచిపోవచ్చు. ఎగుమతిదారు ముందుగా తేల్చుకోవలసింది సరుకు చేరవలసిన దేశపు చట్టాన్నే.

గుప్పెడు గింజలు, కోట్ల గింజలు

పరీక్షలో అతి పెద్ద పొరపాటు ప్రయోగశాలలో కంటే ముందే, గోదాములో జరిగే అవకాశం ఉంది. 25 టన్నుల బియ్యం పట్టే ఒక కంటైనరులో సుమారు 125 కోట్ల గింజలు ఉంటాయి. ప్రయోగశాలకు చేరేది కొన్ని కిలోలు, పిండిగా మారేది అందులో కొంత, చివరకు డీఎన్ఏ తీసేది గ్రాములో కొద్ది భాగం నుంచి. ఆ చిన్న భాగం మొత్తం సరుకుకు ప్రతినిధిగా నిలవాలి.

ఇక్కడ ఒక సులభమైన లెక్క ఉంది. సరుకులో వెయ్యికి ఒక గింజ చొప్పున, అంటే 0.1 శాతం జన్యుమార్పిడి ధాన్యం కలిసి ఉందనుకుందాం. వెయ్యి గింజలు తీసి పరీక్షిస్తే సగటున ఒకటి దొరకాలి. కాని ఒక్కటీ దొరకకపోయే అవకాశం దాదాపు 37 శాతం ఉంటుంది. మూడు వేల గింజలు తీస్తే ఆ అవకాశం 5 శాతానికి తగ్గుతుంది. 95 శాతం నమ్మకంతో 0.1 శాతం కల్తీని పట్టుకోవాలంటే కనీసం మూడు వేల గింజలు కావాలన్న సూత్రం ఇలా వచ్చింది. బియ్యంలో అది యాభై, అరవై గ్రాములే.

అయితే ఈ లెక్క సరుకంతా సమంగా కలిసి ఉన్నప్పుడే చెల్లుతుంది. ఒక ఊరి నుంచి వచ్చిన పది బస్తాల్లోనే కల్తీ ఉండి, మిగిలిన వందల బస్తాలు శుభ్రంగా ఉంటే, పైన చేతికందిన బస్తా నుంచి తీసిన నమూనా ఏమీ చెప్పదు. అందుకే లోడింగు జరుగుతున్నప్పుడే వేర్వేరు బస్తాల నుంచి, వేర్వేరు లోతుల నుంచి, నిర్ణీత వ్యవధుల్లో కొద్దికొద్దిగా తీసి కలపాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి. అలా కలిపిన నమూనాను భాగాలు చేసి సీలు వేస్తారు. ఒక భాగం ప్రయోగశాలకు వెళ్తుంది. మరొకటి వివాదం తలెత్తితే తిరిగి పరీక్షించేందుకు భద్రంగా ఉంటుంది.

ప్రయోగశాలలో ఏం జరుగుతుంది?

పరీక్షలు ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది, చొప్పించిన జన్యువు తయారు చేసే ప్రోటీన్‌ను వెతికేది. ఆకునో, గింజనో నలిపి నీటిలో కలిపి, అందులో ఒక కాగితపు పట్టీని ముంచుతారు. ప్రోటీన్ ఉంటే కొన్ని నిమిషాల్లో పట్టీ మీద గీత కనిపిస్తుంది. పత్తి విత్తనాల తనిఖీలో పొలం గట్టు మీదే వాడదగిన పద్ధతి ఇది. అయితే వేడిచేసిన, ఉడికించిన ఆహారంలో ప్రోటీన్ స్వరూపం మారిపోతుంది కనుక అక్కడ ఈ పట్టీ అంతగా పనికిరాదు.

రెండవది డీఎన్ఏను వెతికే పీసీఆర్ పద్ధతి. కరోనా కాలంలో ప్రతి ఇంటికీ పరిచయమైన పేరే ఇది. నమూనా నుంచి తీసిన డీఎన్ఏలో వెతుకుతున్న ముక్క ఉంటే, యంత్రం దానిని విడత విడతకూ రెట్టింపు చేస్తుంది. ముప్పై విడతల్లో ఒక్క ముక్క వంద కోట్లు దాటుతుంది. లేని ముక్క ఎన్ని విడతలైనా పెరగదు.

ఏ ముక్కను వెతకాలన్నది మూడు అంచెల్లో నిర్ణయిస్తారు. మొదటి అంచె జల్లెడ వంటిది. చాలా జన్యుమార్పిడి పంటల్లో, జన్యువును పనిచేయించే మీటగా కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసిన 35ఎస్ అనే భాగాన్ని, ముగింపు గుర్తుగా ఆగ్రోబాక్టీరియం నుంచి తీసిన నాస్ అనే భాగాన్ని వాడారు. ఈ రెండింటిని వెతికితే చాలా రకాలు ఒకేసారి వలలో పడతాయి. రెండవ అంచెలో చొప్పించిన జన్యువుల వరుసను చూస్తారు. మూడవ అంచెలో ఆ జన్యువు పంట డీఎన్ఏలో సరిగ్గా ఏ చోట అతుక్కున్నదో ఆ అతుకును వెతుకుతారు. ప్రతి జన్యుమార్పిడి రకానికీ ఆ అతుకు ప్రత్యేకం. వేలిముద్ర మనిషిని పట్టిచ్చినట్లు అది రకాన్ని పట్టిస్తుంది.

ఎంత శాతం ఉందో చెప్పాలంటే పోల్చి చూడటానికి ఒక ఆధారం ఉండాలి. ప్రతి పంటలోనూ సహజంగా ఉండే ఒక జన్యువును, సోయాలో లెక్టిన్ జన్యువు వంటి దానిని, పక్కనే కొలుస్తారు. సహజ జన్యువు కంటే చొప్పించిన జన్యువు పది విడతలు ఆలస్యంగా కనిపిస్తే, అది దాదాపు వెయ్యవ వంతు, అంటే 0.1 శాతం ఉన్నట్లు లెక్క.

మన దేశంలో న్యూఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ, హైదరాబాద్‌లోని డీఎన్ఏ వేలిముద్రల, నిర్ధారణ కేంద్రం ఈ రంగంలో ప్రముఖ ప్రభుత్వ సంస్థలు. గుర్తింపు పొందిన ప్రైవేటు ప్రయోగశాలలు కూడా పరీక్షలు నిర్వహిస్తున్నాయి.

పరీక్ష ఎక్కడ పొరబడుతుంది?

జల్లెడ పరీక్షలో జాడ కనిపించినంత మాత్రాన జన్యుమార్పిడి పంట ఉన్నట్లు కాదు. 35ఎస్ భాగం ఒక సహజ వైరస్‌ది. ఆ వైరస్ క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాల కుటుంబపు మొక్కలకు సోకుతుంది. తెగులు సోకిన ఆవాల మొక్క కూడా అదే సంకేతం ఇవ్వగలదు. అందుకే వైరస్‌కు చెందిన ఇతర భాగాలు కూడా ఉన్నాయేమో వెతికి చూసే అదనపు పరీక్ష ఉంది.

దుమ్ము మరొక చిక్కు. ఒకే లారీలో, ఒకే గోదాములో, ఒకే పిండి మరలో నిన్న సోయా, నేడు బియ్యం నడిస్తే బియ్యప్పిండిలో సోయా డీఎన్ఏ కనిపించడం సహజం. కనుక సంకేతం వచ్చినప్పుడు వరి జన్యువుతో పాటు సోయా, మొక్కజొన్న, పత్తి జన్యువుల ఉనికిని కూడా ప్రయోగశాల పరిశీలించాలి. ఆ అంచెను దాటవేసి ఇచ్చిన నివేదిక ఒక దేశపు బియ్యం పంట మీద అకారణంగా మచ్చ వేయగలదు.

ఇందుకు విరుద్ధమైన పొరపాటు కూడా జరుగుతుంది. బాగా శుద్ధి చేసిన నూనెలో డీఎన్ఏ దాదాపు మిగలదు. అధిక వేడి, పులుపు డీఎన్ఏను తునకలు చేస్తాయి. అటువంటి ఉత్పత్తిలో ఏమీ కనిపించలేదంటే దాని మూలం జన్యుమార్పిడి పంట కాదని అర్థం కాదు, చూడటానికి ఏమీ మిగలలేదని మాత్రమే అర్థం.

ఇంకొక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ పరీక్ష ఉనికిని తేలుస్తుంది, హానిని కాదు. ఆహారం సురక్షితమా కాదా అన్నది వేరే అధ్యయనాలు నిర్ణయించే విషయం. సరుకు ఆగిపోవడానికి సాధారణంగా కారణం ఆ దేశంలో ఆ రకానికి అనుమతి లేకపోవడమే.

పాత దెబ్బలు, వాటి ఖరీదు

2000లో అమెరికాలో పశువుల దాణాకు మాత్రమే అనుమతి పొందిన స్టార్‌లింక్ మొక్కజొన్న మనుషులు తినే పదార్థాల్లో బయటపడింది. వందలాది ఉత్పత్తులను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2006 ఆగస్టులో అమెరికా పొడుగు గింజ బియ్యంలో ఎల్ఎల్-601 అనే రకం జాడ ఉన్నట్లు ఆ దేశ వ్యవసాయ శాఖ ప్రకటించింది. అది అప్పటికి ఎక్కడా సాగుకు విడుదల కాలేదు. ఐరోపా వెంటనే పరీక్ష తప్పనిసరి చేసింది, జపాన్ దిగుమతి నిలిపివేసింది, ధరలు పడిపోయాయి. రైతులు వేసిన దావాలను పరిష్కరించుకునేందుకు 2011లో ఆ రకాన్ని రూపొందించిన బేయర్ కంపెనీ 75 కోట్ల డాలర్ల చెల్లింపునకు అంగీకరించింది.

కెనడా అవిసెల కథ ఇంకా విచిత్రమైనది. ట్రిఫిడ్ అనే జన్యుమార్పిడి అవిసె రకాన్ని ఐరోపా మార్కెట్ పోతుందన్న భయంతో రైతులే వద్దనగా 2001లో జాబితా నుంచి తొలగించారు. ఎనిమిదేళ్ల తర్వాత, 2009లో, దాని జాడ ఐరోపాలో బేకరీ సరుకులో తేలింది. చైనా బియ్యంలో బీటీ-63 రకం కనిపించడంతో ఐరోపా 2008 నుంచి ఆ దేశపు బియ్యం ఉత్పత్తులకు ప్రత్యేక ధ్రువపత్రాన్ని తప్పనిసరి చేసింది.

భారత బియ్యం ఎగుమతిదారులకు ఈ భయం కొత్తది కాదు. 2006లో హర్యానాలోని కర్నాల్ జిల్లాలో ఒక బీటీ వరి ప్రయోగ క్షేత్రాన్ని రైతు సంఘం కార్యకర్తలు తగులబెట్టినప్పుడు, బాస్మతి ప్రాంతంలో ఇటువంటి ప్రయోగాలు వద్దని ఎగుమతిదారులు కూడా గొంతు కలిపారు. ఈ సంఘటనలన్నింటిలో ఒక పోలిక ఉంది. నష్టపోయిన రైతుల్లో అత్యధికులు ఆ రకం విత్తనాన్ని ఎన్నడూ కోరి కొన్నవారు కారు.

పత్తిలో కాగితానికి, గింజకు మధ్య దూరం

సేంద్రియ పత్తికి ఇది నిత్య సమస్య. సేంద్రియ నియమాల ప్రకారం జన్యుమార్పిడి విత్తనం వాడరాదు. చుట్టూ బీటీ పత్తి ఉన్నచోట పుప్పొడి, విత్తనం, జిన్నింగు మిల్లు ఏదో ఒక దశలో కలగలుపు జరగవచ్చు. పత్తిలో ఈ పరీక్షకు ఒక ఉమ్మడి పద్ధతిని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 2019లో ప్రచురించింది. గింజలో, ఆకులో, ముడి దూదిలో, రసాయన ప్రక్రియలకు గురికాని దారంలో అది పనిచేస్తుంది. రంగులు అద్దిన వస్త్రంలో డీఎన్ఏ చెదిరిపోతుంది కనుక అక్కడ పరీక్షకు ఆధారం ఉండదు. అంటే తప్పును పట్టుకోవలసింది తొలి అంచెలోనే.

2020లో భారతదేశం నుంచి సుమారు 20,000 టన్నుల పత్తికి నకిలీ సేంద్రియ పత్రాలు సృష్టించారని ప్రపంచ సేంద్రియ వస్త్ర ప్రమాణాల సంస్థ వెల్లడించింది. నిజాయితీగా పండించిన సేంద్రియ రైతుకు దీనివల్ల రెండు విధాల నష్టం కలుగుతుంది. దొంగ సరుకు ధరను తగ్గిస్తుంది, అసలు సరుకును అనుమానంలోకి నెడుతుంది.

కొత్త చిక్కుముడి: జన్యు సవరణ వరి

2025 మే 4న కేంద్ర ప్రభుత్వం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. రెండింటికీ మూలం తెలుగు నేలే. బాపట్లలో రూపుదిద్దుకున్న సాంబ మసూరి నుంచి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ డీఆర్ఆర్ ధన్ 100ను తయారు చేసింది. మార్టేరులో పుట్టిన కాటన్‌దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010 నుంచి ఢిల్లీ పూసా సంస్థ పూసా డీఎస్‌టీ రైస్ 1ను రూపొందించింది.

వీటిలో పరాయి జన్యువు లేదు. మొక్కకు ఉన్న జన్యువులోనే చిన్న దిద్దుబాటు జరిగింది. పరాయి డీఎన్ఏ మిగలని ఇటువంటి మొక్కలకు 2022 మార్చిలో భారత ప్రభుత్వం జన్యుమార్పిడి నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఐరోపా న్యాయస్థానం మాత్రం జన్యు సవరణ పంటలు కూడా జన్యుమార్పిడి చట్టం పరిధిలోకే వస్తాయని 2018 జూలైలో తీర్పు చెప్పింది. దానిని సడలించే ప్రతిపాదన 2023లో అక్కడ ముందుకు వచ్చింది.

ప్రయోగశాలకు ఇది కఠిన పరీక్ష. 35ఎస్, నాస్ భాగాలను వెతికే జల్లెడకు ఈ రకాలు చిక్కవు. దిద్దిన చోటు ముందుగా తెలిస్తే ఆ మార్పును గుర్తించే పరీక్ష తయారు చేయవచ్చు. కాని అది ప్రయోగశాలలో జరిగిన దిద్దుబాటా, ప్రకృతిలో తనంతట తాను వచ్చిన మార్పా అన్నది డీఎన్ఏ చూసి చెప్పడం చాలా సందర్భాల్లో సాధ్యం కాదు. ఈ రకాల ధాన్యం సాధారణ సాంబ మసూరితో, కాటన్‌దొర సన్నాలతో మిల్లులో కలిస్తే కంటితో వేరుచేయడం అసాధ్యం. కనుక కొనుగోలు దేశాలకు ఏ హామీ ఇవ్వాలన్నా దానికి ఆధారం విత్తనం నుంచి రేవు వరకు రాసి ఉంచిన లెక్కే అవుతుంది.

రైతు, మిల్లరు, ఎగుమతిదారు చేయదగినవి

పరీక్ష చివరి కాపలా మాత్రమే. మొదటి కాపలా విత్తనం దగ్గర ఉంటుంది. రైతు లైసెన్సు గల దుకాణంలోనే విత్తనం కొని, బిల్లును, సంచి మీది చీటీని, కొద్దిపాటి విత్తనాన్ని పంట అమ్ముడయ్యే వరకు దాచుకోవాలి. మిల్లరు ఏ లాటు ఏ ఊరి ధాన్యమో నమోదు చేసి, ఎగుమతి సరుకు ఆడించే ముందు మరను శుభ్రం చేయాలి. రవాణా చేసేవారు లారీలో, కంటైనరులో ముందు ఏ సరుకు నడిచిందో చూసుకోవాలి. ఎగుమతిదారు లోడింగు వేళ నమూనా తీయించి, సీలు వేసిన ఒక భాగాన్ని తన వద్ద ఉంచుకోవాలి. నివేదికలో ఏ పద్ధతి వాడారో, ఎంత కనిష్ఠ స్థాయి వరకు గుర్తించగలరో రాసి ఉన్నదో లేదో చదవాలి. కనిపించలేదు అన్న మాటకు అర్థం, ఆ స్థాయి వరకు కనిపించలేదనే.

వేలమంది రైతుల ధాన్యం కలిసే మన మిల్లింగు పద్ధతిలో ఇదంతా ఖర్చుతో, శ్రమతో కూడిన పని. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది ఇంకా తేలని ప్రశ్న. ఫ్రాన్స్‌లో ఒక పిండి నమూనా మీద తలెత్తిన వివాదంలో ఆ 500 టన్నుల నూకలు ఏ ఊరి పొలాలవో, ఏ మరలో ఆడాయో చూపే లెక్క చేతిలో ఉంటే, దేశం ఇవ్వవలసిన జవాబు నమూనాతో, నివేదికతో సహా సిద్ధంగా ఉంటుంది.